బిళ్ళ యెవరి చేత నున్నది?

గోదావరిఖనిలో 'బాయి' యనినచో బొగ్గుగనియే. బాయి దిగు కార్మికుడు మస్టరు పడిన పిదప ల్యాంపు రూమున తన నెంబరుగల క్యాప్ ల్యాంపు తీసికొనును. పూర్వము పలు బొగ్గుగనులలో దీపముతోబాటు నెంబరు చెక్కిన లోహపు బిళ్ళయు నుండెడిది. లోపల నెవరున్నారో బిళ్ళయే చెప్పును. అది పరుని చేతబడినచో లెక్కలో ఆ పరుడే మనమగును. శ్రోతలు ఫోనులలో నిత్యము వాడు 'కుకీ' యిట్టి బిళ్ళయే.

వెబ్ సర్వరునకు స్వతః జ్ఞాపకము లేదు. ఒక పుట నిచ్చి, అడిగినవానిని మరచును. ఈ మరపునకు మందుగా 1994లో నెట్‌స్కేప్ సంస్థ ఉద్యోగి లూ మోంటుల్లి కుకీని కల్పించెను. సంకేతపదము, ఓటీపీ ద్వారముకడ నొక్కసారి అడుగుదురు. పిమ్మట సర్వరు ఒక బిళ్ళ నిచ్చును. ప్రతి పుటకును బ్రౌజరు దానినే చూపును. కావున బిళ్ళను అపహరించినవానికి సంకేతపదముతో పనిలేదు, ఓటీపీతోను పనిలేదు.

2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అను అమెరికా ప్రోగ్రామరు దీనిని లోకమునకు కన్నుల గట్టించెను. ఆతడు విడుదల చేసిన 'ఫైర్‌షీప్' అను చిన్న పనిముట్టు, తాళములేని వైఫైలో గాలిలోపోవు కుకీలను పట్టి, ప్రక్కనున్నవాని ఫేస్‌బుక్ ఖాతాలోనికి సులువుగా ప్రవేశపెట్టెడిది. లాగిన్ పుటను మాత్రము గుప్తలిపిలో నుంచి, తక్కిన పుటలను బట్టబయలుగా పంపుట నాడు పెక్కు సంస్థల వాడుక. దొంగలకు దారి చూపెనని కొందరాతనిని నిందించిరి. తలుపు తెరచియున్నదని కేకవేసినవానికన్న, తెరచి విడిచినవారిదే పెద్ద తప్పని మేము తలంతుము. తరువాతి యేండ్లలో పెద్ద సంస్థలు క్రమముగా అన్ని పుటలను గుప్తలిపికి మార్చినవి.

గాలియొక్కటే దారి కాదు. పుటలో దూరిన దొంగ ప్రోగ్రాము కుకీని చదువకుండుటకై 2002లో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో 'హెచ్‌టీటీపీ ఓన్లీ' అను గుర్తు నేర్పరచెను. పరాయి సైటు మన బిళ్ళను మనకు తెలియకయే చూపింపజేయు మోసమునకు అడ్డుగా, 2020లో గూగుల్ క్రోమ్ 'సేమ్‌సైట్' నిబంధనను స్వయముగా వర్తింపజేయసాగెను.

ఇంటర్నెట్ సెంటరులోని కంప్యూటరున బ్యాంకుపనియో, కుమారుని దరఖాస్తో ముగించి కిటికీ మూసి లేచుట మనకు అలవాటు. కిటికీ మూయుట బిళ్ళ నప్పగించుట కాదు. లాగౌట్ నొక్కినప్పుడే, చక్కగా కట్టిన సైటులో, సర్వరు ఆ బిళ్ళను రద్దుచేయును. ఖాతా పరులపాలైనదను అనుమానము కలిగినచో సంకేతపదము మార్చి ఊరకుండరాదు. 'అన్ని పరికరములనుండి లాగౌట్' అను మీటను వెదకి నొక్కవలెను. ఏలయన కొన్ని సైటులలో క్రొత్త సంకేతపదము వచ్చినను పాత బిళ్ళ చెల్లుచునే యుండును.