గడువు తీరినా కుర్చీ ఎవరిది?
న్యాయవాదుల, వైద్యుల మండళ్లలో పదవీకాలంపై చట్టం మాట ఒకటి.. ఆచరణ మరొకటి

ఎస్‌.రాయవరం: సర్పంచి పదవీకాలం ఐదేళ్లు. 2018 ఆగస్టులో రాష్ట్రంలోని పంచాయతీల గడువు ముగియగానే దస్త్రాలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. 2021లో ఎన్నికలు జరిగేవరకు వారిదే పాలన. ఎన్నికలు ఆలస్యమయ్యాయి కదా అని పాత సర్పంచి చెక్కులపై సంతకాలు చేస్తానంటే ఊరుకునేవారు లేరు. మరి న్యాయవాదికి నల్లకోటు ధరించే అర్హతనిచ్చి, తప్పు చేస్తే దానిని తొలగించే బార్‌ కౌన్సిల్‌ సభ్యుల సంగతేమిటి? వారికీ చట్టం రాసింది ఐదేళ్లే. అయినా ఆ గడువు దాటి ఏళ్లు గడిచాక సుప్రీంకోర్టు గట్టిగా చెబితే గాని దేశంలో ఎన్నికల ప్రక్రియ కదలలేదు.

సన్నదు నుంచి స్వపరిపాలనకు..

మహాకవి గురజాడ అప్పారావు 1862లో జన్మించిన ఊరు రాయవరం. ఆయన 'కన్యాశుల్కం'లో వకీలు సౌజన్యారావు పంతులు వంటి ధర్మపరుడూ ఉన్నాడు, వ్యాజ్యాల చుట్టూ తిరుగుతూ పొట్టపోసుకునే రామప్పంతులూ ఉన్నాడు. ఆ నాటకం వెలువడిన కాలంలో ప్లీడర్లకు సన్నదు ఇచ్చినా, రద్దు చేసినా అది కోర్టుల చేతిలో పని. స్వాతంత్య్రానంతరం 1961లో వచ్చిన న్యాయవాదుల చట్టం ఆ అధికారాన్ని న్యాయవాదులు ఎన్నుకునే రాష్ట్ర బార్‌ కౌన్సిళ్లకు అప్పగించింది. పేరు నమోదు, క్రమశిక్షణ విచారణ, శిక్ష.. అన్నీ వారివే. ఓటర్లు పదివేలు మించిన రాష్ట్రంలో ఎన్నికైన సభ్యులు 25 మంది. రాష్ట్ర అడ్వకేట్‌ జనరల్‌ హోదా రీత్యా సభ్యులు. న్యాయవాది కాని సామాన్యుడికి అక్కడ చోటు లేదు.

తమవారిని తామే విచారించుకునే వ్యవస్థకు చట్టం వేసిన పగ్గం ఒక్కటే.. ఎన్నిక. ఐదేళ్లకోసారి ఓటర్ల ముందుకు వెళ్లాలి. ఆ ఎన్నికే ఆగిపోతే ఇక పగ్గం ఏదీ?

ఐదేళ్లు.. ఆపై ఆరు నెలలు

చట్టంలోని 8వ సెక్షను ప్రకారం ఫలితాలు ప్రకటించిన నాటి నుంచి ఐదేళ్లు సభ్యుల పదవీకాలం. లోపు ఎన్నికలు జరపలేకపోతే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా గరిష్ఠంగా ఆరు నెలలు పొడిగించవచ్చు. అప్పటికీ జరగకపోతే ఏం చేయాలో 1993లో చేర్చిన 8ఎ సెక్షను చెబుతోంది. అడ్వకేట్‌ జనరల్‌ అధ్యక్షతన ప్రత్యేక కమిటీ వేయాలి, కౌన్సిల్‌ బాధ్యతలు దానికి అప్పగించాలి, ఆ కమిటీయే ఎన్నికలు జరపాలి. పంచాయతీలో ప్రత్యేకాధికారి ఎలాగో ఇక్కడ ఈ కమిటీ అలాగ.

ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ బార్‌ కౌన్సిళ్లకు 2018లో ఎన్నికలు జరిగాయి. ఆ లెక్కన 2023తో ఐదేళ్లు నిండాయి. అదే సమయంలో దేశమంతటా న్యాయవాదుల పట్టాల పరిశీలన సాగుతోంది. నకిలీ డిగ్రీలతో కోర్టుల్లో తిరిగేవారిని ఏరివేయాలన్న ఉద్దేశం మంచిదే. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇందుకోసం విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్‌ దీపక్‌ గుప్తా నేతృత్వంలో కమిటీని కూడా నియమించింది. అయితే పరిశీలన తేలనిదే ఓటర్ల జాబితా తేలదు, జాబితా తేలనిదే ఎన్నిక లేదు అన్న వాదన ముందుకు వచ్చింది. పరిశీలన పూర్తయ్యేవరకు సభ్యులను కొనసాగించేలా 2015 నాటి నిబంధనలను బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా 2023లో సవరించుకుంది. పార్లమెంటు చేసిన చట్టం ఆరు నెలలంటే, దాని కింద పుట్టిన నిబంధన అంతకు మించి అనడం ఎలా చెల్లుతుందన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియాలో ప్రతి రాష్ట్ర కౌన్సిల్‌ నుంచి ఎన్నికైన ఒక్కో సభ్యుడు కూర్చుంటారు. రాష్ట్రంలో సభ్యత్వం ఉన్నంతకాలమే అక్కడా పదవి. అంటే రాష్ట్ర కౌన్సిళ్ల గడువు పొడిగిస్తే, పొడిగించిన వారి పదవి కూడా పెరుగుతుంది. తన కౌలు గడువు తానే పెంచుకునే కౌలుదారు ఎక్కడైనా ఉంటాడా అని రైతు అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

చివరకు సుప్రీంకోర్టు 2025 నవంబరులో జోక్యం చేసుకుంది. రాష్ట్ర బార్‌ కౌన్సిళ్లకు విశ్రాంత న్యాయమూర్తుల కమిటీల పర్యవేక్షణలో దశలవారీగా, 2026 ఏప్రిల్‌ 30లోగా ఎన్నికలు ముగించాలని ఆదేశించింది. గడువు దాటిన సంస్థ తన ఎన్నికలను తానే పర్యవేక్షించుకోరాదన్నది ఈ ఏర్పాటులో దాగిన మాట.

జవాబుదారీ లేకపోతే భారం ఎవరిపై పడుతుందో తెలిపే ఉదాహరణ మరొకటి ఉంది. న్యాయవాదిగా పేరు నమోదుకు చట్టం చెప్పిన రుసుము రూ.750. ఎస్సీ, ఎస్టీలకు రూ.125. వివిధ రాష్ట్రాల కౌన్సిళ్లు ఏవేవో పద్దుల కింద వేలల్లో వసూలు చేస్తూ వచ్చాయి. చట్టం చెప్పినదానికి మించి తీసుకోరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కూలి కుటుంబం నుంచి లా చదివి వచ్చిన యువకుడికి ఆ తేడా చిన్నది కాదు.

'ఏది ఎక్కువైతే అది'

వైద్యుల సంగతికి వస్తే, 1956 నాటి భారత వైద్య మండలి చట్టంలో మెలిక చట్టంలోనే ఉండేది. సభ్యుడి పదవీకాలం ఐదేళ్లు, లేదా వారసుడు వచ్చేవరకు, ఏది ఎక్కువైతే అది! పైగా మళ్లీ ఎన్నిక కావడానికి హద్దు లేదు. మండలి అధ్యక్షుడు కేతన్‌ దేశాయ్‌ 2001లో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో పదవి కోల్పోయారు. 2009లో మళ్లీ అదే కుర్చీలోకి వచ్చారు. 2010 ఏప్రిల్‌లో ఒక వైద్య కళాశాల అనుమతికి లంచం ఆరోపణపై సీబీఐ ఆయనను అరెస్టు చేసింది. మరుసటి నెలలోనే కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి మండలిని పక్కనపెట్టింది.

మండలి స్థానంలో 2020 సెప్టెంబరు 25 నుంచి జాతీయ వైద్య కమిషన్‌ అమల్లోకి వచ్చింది. దాని చట్టం ప్రకారం ఛైర్మన్‌ పదవీకాలం నాలుగేళ్లకు మించరాదు. పొడిగింపు లేదు, పునర్నియామకం లేదు. సభ్యులు చేరేటప్పుడు, దిగేటప్పుడు ఆస్తులు, అప్పులు ప్రకటించాలి. దిగిపోయాక రెండేళ్లపాటు, తాము వ్యవహారం చూసిన ప్రైవేటు వైద్య సంస్థలో కొలువు చేయరాదు. పదవి దుర్వినియోగం చేస్తే కేంద్రం తొలగించవచ్చు. పాత చట్టంతో పోలిస్తే ఇది ఎంతో నయం.

కానీ ఎన్నిక స్థానంలో నియామకం వచ్చింది. సభ్యుడు ఓటరుకు కాక ప్రభుత్వానికి జవాబు చెప్పాలి. కాలపరిమితి ఒక్కటే అవినీతిని ఆపలేదనడానికీ నిదర్శనం ఉంది. వైద్య కళాశాలల తనిఖీల్లో అక్రమాలపై 2025లో సీబీఐ అధికారులు, తనిఖీదారులు సహా 30 మందికి పైగా నిందితులతో కేసు నమోదు చేసింది.

బ్రిటన్‌ మరో దారి పట్టింది. అక్కడి జనరల్‌ మెడికల్‌ కౌన్సిల్‌లో 12 మంది సభ్యులుంటే ఆరుగురు వైద్యులు కానివారే. ఇరవై ఏళ్ల వ్యవధిలో ఎవరూ మొత్తం ఎనిమిదేళ్లకు మించి ఉండరాదు.

రాయవరం రైతుకు ఏం పని?

అడ్డరోడ్డులో బస్సెక్కి యలమంచిలికో, అనకాపల్లికో వాయిదాకు వెళ్లే రైతు ఉన్నాడనుకుందాం. తన న్యాయవాది ఎదుటి పక్షంతో కుమ్మక్కయ్యాడనో, పరిహారం సొమ్ము వాడుకున్నాడనో అతని ఫిర్యాదు. దానిని వినేది రాష్ట్ర బార్‌ కౌన్సిల్‌ క్రమశిక్షణ కమిటీయే. కమిటీలోని ముగ్గురిలో ఇద్దరు కౌన్సిల్‌ సభ్యులు, మూడోవారు బయటి నుంచి తీసుకున్న సీనియర్‌ న్యాయవాది. ఆరోపణ రుజువైతే మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్‌ చేయవచ్చు, జాబితా నుంచి పేరు తొలగించవచ్చు. ఆ ఇద్దరు సభ్యులు ఎప్పుడు ఎన్నికయ్యారు, వారి గడువు ఎప్పుడు ముగిసింది అన్నది రైతుకు అక్కరలేని విషయం కాదు. ఓట్ల కోసం న్యాయవాదుల వద్దకు వెళ్లవలసినవారు న్యాయవాదిపై కఠినంగా ఉండగలరా అన్న సందేహం ఎన్నిక జరిగినా ఉంటుంది. ఎన్నికే లేనప్పుడు మంచి పేరు నిలుపుకోవాలన్న భయమూ పోతుంది.

ఒక విషయంలో న్యాయవాదుల చట్టం వైద్యుల చట్టం కంటే మేలు. రాష్ట్ర కమిటీ నిర్ణయం నచ్చకపోతే బాధపడిన 'ఏ వ్యక్తి' అయినా 60 రోజుల్లో బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియాకు, అక్కడా నచ్చకపోతే మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. వైద్య కమిషన్‌ చట్టంలోని 30వ సెక్షను రాష్ట్ర మండలి చర్యపై అప్పీలు హక్కును వైద్యుడికే రాసింది. రోగి పేరు అందులో లేదు.

ఫిర్యాదు రాతపూర్వకంగా, న్యాయవాది పేరు, నమోదు సంఖ్య, కేసు వివరాలు, ఆధార పత్రాల నకళ్లతో అమరావతిలోని రాష్ట్ర బార్‌ కౌన్సిల్‌కు పంపాలి. ఏడాదిలోగా తేల్చకపోతే విచారణ దానంతట అదే బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియాకు బదిలీ అవుతుందని 36బి సెక్షను చెబుతోంది. ఆ ఏడాదిని లెక్కించేది ఫిర్యాదు క్రమశిక్షణ కమిటీకి అందిన తేదీ నుంచి. స్పీడ్‌ పోస్టు రసీదును, అందినట్లు తెలిపే పత్రాన్ని దాచుకోవడం మంచిది.