తాగుడు మానడానికి తోడు

కెమిస్ట్రీ విద్యార్థి వార్షిక సంచికకు వ్యాసం ఇస్తానంటే ఎరువుల గురించో, ప్లాస్టిక్కుల గురించో అయివుంటుందని సంపాదకవర్గంలోని మిత్రులు అనుకున్నారు. నేను రాయదలచుకున్నదీ ఒక రసాయనం గురించే. దాని పేరు ఇథైల్ ఆల్కహాలు. మన ల్యాబులో అది సీసాలో ఉంటుంది. మా ఇంట్లో దాదాపు పదేళ్ళు మా నాన్న ఒంట్లో ఉంది.

రాసేముందు నాన్ననడిగాను. "నా పేరు రాయకు, ఊరి పేరు రాయకు. మిగతాది రాయి. ఎవరికన్నా పనికొస్తది" అన్నాడు. అందుకే ఈ వ్యాసం కింద నా పేరు కూడా ఉండదు. తాగుడు మానిన వారు ఒకరికొకరు తోడుగా నడుపుకునే బృందాలు ఉన్నాయని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. మూడేళ్ళ కిందటి వరకూ నాకూ తెలియదు. అవి ఎలా పుట్టాయో, ఎలా పనిచేస్తాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉన్నపళంగా మానితే

మాది నాలుగెకరాల మిరప, పత్తి సేద్యం. నాన్న ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాడు. ఆ నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టేవాడు కాదు. తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం, సాయంత్రం తోటి స్వాములతో భజన. అమ్మకు ఏడాది మొత్తంలో అవే పండగ రోజులు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదటికొచ్చేది. "అన్ని రోజులు ఉండగలిగినవాడివి ఇంకో రోజు ఉండలేవా?" అని అమ్మ ఏడ్చేది. ఈ ప్రశ్నకు జవాబు మాకెవరికీ తెలియదు.

తాగుడు ఏటేటా ముదిరింది. మూడేళ్ళ కిందట మాల వేసుకున్న మర్నాడే నాన్న చేతులు వణకడం మొదలైంది. రాత్రికి ఫిట్స్ వచ్చాయి. మూడోనాడు గోడ మీద లేని పురుగుల్ని దులుపుతూ కూర్చున్నాడు. "నియమంలో ఏదో తప్పు జరిగింది, స్వామికి కోపం వచ్చింది" అన్నారు చుట్టాలు. భూతవైద్యుణ్ణి పిలుద్దామన్నారు ఇంకొకరు. మా మేనమామ ఎవరి మాటా వినకుండా ఆటో తెచ్చి పట్నంలో ఆసుపత్రికి చేర్చాడు. ఆయన ఆ పని చేయకపోతే నేనీ వ్యాసం వేరే రకంగా రాయవలసి వచ్చేది.

జరిగిందేమిటో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. మెదడులో నరాల జోరును తగ్గించే రసాయనం గాబా. పెంచేది గ్లూటమేట్. ఆల్కహాలు మొదటిదాని బలాన్ని పెంచి రెండోదాన్ని అణుస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగితే మెదడు దానికి తగ్గట్టు తన లెక్క సర్దుకుంటుంది. బరువు బండిని మిట్ట మీదికి లాగుతున్న ఎడ్లకు ఒక్కసారిగా కాడి ఊడితే ముందుకు ఎలా దూకుతాయో, ఉన్నపళంగా మందు ఆపితే మెదడూ అలాగే అదుపు తప్పుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. రెండు రోజులలోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య భ్రాంతులతో కూడిన సన్నిపాత స్థితి రావచ్చు. ఇది ప్రాణం తీయగలదు. అందుకే రోజూ బాగా తాగేవారు మానదలచుకుంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నరాల జోరు తగ్గించే మందులిచ్చి వాటిని మెల్లగా తగ్గిస్తారు, బి-1 విటమిన్ ఇస్తారు. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇద్దరితో మొదలైంది

ఆసుపత్రి వాళ్ళు ఒంట్లోని ఆల్కహాలును దించగలిగారు. ఇంటికొచ్చాక మళ్ళీ తాగకుండా ఉండడం ఎలా? అక్కడి డాక్టరుగారు ఒక కాగితం మీద పట్నంలో ప్రతి ఆదివారం సాయంత్రం జరిగే మీటింగు చిరునామా రాసిచ్చారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని రాసి ఉంది. పేరు బయటపెట్టుకోని తాగుబోతులు అని దాని అర్థం.

దీని కథ అమెరికాలో మొదలైంది. బిల్ విల్సన్ అనే న్యూయార్కు షేర్ల వ్యాపారి తాగుడుతో సర్వం పోగొట్టుకుని, 1934 డిసెంబరులో మానాడు. 1935 మే నెలలో ఒక వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్నానికి వెళ్ళాడు. ఆ పని చెడింది. హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బార్‌లో జనం సందడి. ఆ క్షణంలో ఆయనకు తోచిందేమిటంటే, తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప తాను నిలవలేనని. పక్కనే ఉన్న టెలిఫోను తీసి ఊళ్ళోని చర్చీలకు ఫోన్లు చేశాడు. అలా పరిచయమైనవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట మాట్లాడి వెళ్ళిపోదామని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన 1935 జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. బిల్ ఆ డాక్టరును బాగుచేయడానికి వెళ్ళలేదు. తనను తాను కాపాడుకోవడానికి వెళ్ళాడు. ఈ బృందాల కీలకమంతా అందులోనే ఉంది.

1939లో వారి అనుభవాలు పుస్తకంగా వచ్చాయి. మన దేశంలో 1957లో బొంబాయిలో మొదటి మీటింగు జరిగింది. ఇప్పుడు సుమారు 180 దేశాల్లో ఇలాంటి బృందాలున్నాయి.

మీటింగు ఎలా జరుగుతుంది?

బయటివాళ్ళను కూడా రానిచ్చే మీటింగులు కొన్ని ఉంటాయి. అలాంటిదానికి నాన్న వెంట వెళ్ళాను. అక్కడ ఎవరు ఏం చెప్పారో రాయను. అక్కడ విన్నది అక్కడే వదిలి రావాలన్నది వారి నియమం. పద్ధతి మాత్రం చెబుతాను.

ఒక చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు, టీ. గంటా గంటన్నర. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, తన సంగతి మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలివ్వరు. మాట్లాడడం ఇష్టం లేకపోతే ఊరుకోవచ్చు. ఆఫీసరుగారు, ఆటో డ్రైవరు పక్కపక్కన కూర్చుంటారు. పెద్ద అంటూ ఎవరూ ఉండరు. మీటింగు నడిపే పని వంతులవారీగా మారుతుంది. సభ్యత్వ రుసుము లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. గది అద్దెకు, టీకి సభ్యులే తోచింది వేసుకుంటారు. బయటివాళ్ళ దగ్గర విరాళం పుచ్చుకోరు.

"జన్మలో తాగను" అని అక్కడ ఒట్టు వేయించరు. ఈ ఒక్క రోజు తాగకుండా ఉంటే చాలంటారు. రేపటి సంగతి రేపు. మా ఇంట్లో నాన్న వేసిన ఒట్లకు లెక్కలేదు. అమ్మ మీద, నా మీద, చేలో పైరు మీద కూడా వేశాడు. జీవితకాలపు బరువు ఒక్కసారిగా నెత్తికెత్తుకున్న ఆ ఒట్లన్నీ వారం తిరక్కుండా పోయాయి. ఒక్క రోజు బరువైతే ఎవరైనా మోయగలరు.

బృందం చూపే మార్గంలో పన్నెండు మెట్లున్నాయి. తన వల్ల కావడం లేదని ఒప్పుకోవడం మొదటిది. తాను ఎవరికి హాని చేశాడో జాబితా రాసుకుని, వీలైనంత మేరకు దిద్దుకోవడం మధ్యలో వస్తుంది. ఇంకో తాగుబోతుకు సాయపడడం చివరిది. కొన్ని మెట్లలో దేవుడి మాట వస్తుంది. ఎవరికి ఎలా అర్థమైతే ఆ దేవుడే అని వారు సరిపెడతారు. ఈ మాట నచ్చక మానేసేవారూ ఉన్నారు.

ఎందుకు పనిచేస్తుంది?

మిరప కోతలప్పుడు మా ఊళ్ళో చిన్న రైతులు ఇవాళ మా చేలోకి వస్తారు, రేపు మేం వాళ్ళ చేలోకి వెళతాం. డబ్బు చేతులు మారదు. ఎవరూ ఎవరికీ ఉపకారం చేసినట్టు కాదు. ఈ బృందం కూడా అలాంటి బదులు పనే. డాక్టరు చెబితే నాన్న తలవంచుకుని విన్నాడు. చుట్టాలు చెబితే కోపం తెచ్చుకున్నాడు. తనలాగే వణికే చేతులతో ఒకప్పుడు గ్లాసు పట్టుకున్నవాడు చెబితే మొదటిసారి తలెత్తి విన్నాడు. చెప్పినవాడికి కూడా ఆ చెప్పడంలోనే ఆ రోజు గడిచింది.

సైన్సు విద్యార్థిగా ఆధారం అడగాలి కదా. 2020లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించారు. ఈ బృందాల బాటలో పెట్టే చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత నూటికి 42 మంది పూర్తిగా మానివున్నారు. ఇతర చికిత్సలు పొందినవారిలో నూటికి 35 మంది. తేడా ఉంది. అయితే సగానికి పైగా మళ్ళీ తాగారన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. కనుక ఇది మంత్రం కాదు. అవసరమైనవారికి మందులు, మానసిక వైద్యుడి సాయం తప్పనిసరి.

నాన్న కూడా జారాడు. నాలుగైదు నెలలు బాగున్నాక వైశాఖంలో ఒక పెళ్ళిలో ఒక్క గ్లాసని మొదలుపెట్టి మూడు రోజులు తాగాడు. ఆదివారం మీటింగుకి వెళ్ళడానికి సిగ్గుపడితే అమ్మే బస్సెక్కించింది. అక్కడెవరూ నిలదీయలేదట. టీ ఇచ్చి కూర్చోమన్నారట.

ఇంట్లోవాళ్ళ సంగతి

తాగేది ఒకరైనా జబ్బు పడేది ఇల్లంతా. బిల్ భార్య లోయిస్ మరో స్నేహితురాలితో కలిసి 1951లో అల్-అనాన్ అనే కుటుంబాల బృందం మొదలుపెట్టింది. ఈ తాగుడు నీ వల్ల రాలేదు, నువ్వు అదుపు చేయలేవు, నువ్వు నయం చేయలేవు అన్నది అక్కడ మొదట నేర్చుకునే పాఠం. ఇది విన్నాక అమ్మ సీసాలు వెదికి పారబోయడం మానేసింది. నాకూ ఒక బరువు దిగింది. ఇంటర్లో నా మార్కులు తగ్గినందుకే నాన్న తాగుతున్నాడని లోలోపల నమ్మిన మాట ఇక్కడే మొదటిసారి బయటపెడుతున్నాను.

ఈ పద్ధతి తాగుడుతోనే మొదలు కాలేదు, దానితోనే ఆగలేదు. 1905లోనే బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు పేద క్షయ రోగులను వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి ఒకరి అనుభవం ఒకరికి చెప్పించేవాడు. 1937లో చికాగోలో డాక్టర్ అబ్రహాం లో మానసిక రోగుల కోసం ఇటువంటి బృందం ప్రారంభించాడు. 1952లో టెరీస్ లాసర్ అనే మహిళ, రొమ్ము క్యాన్సరు ఆపరేషన్ అయినవారిని ఆ ఆపరేషన్ దాటివచ్చినవారే పరామర్శించే ఏర్పాటు చేసింది.

మన సంగతి

మన తెలుగునాట తాగుడుకు ఎదురు నిలిచిన చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడిని మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. అంగడి మూయడం ఒక పని. తాగుడుకు బానిసైన మనిషి చెయ్యి పట్టుకోవడం ఇంకో పని. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మంది ఇళ్ళలో మనలాంటి విద్యార్థులు ఉండరా?

హాస్టల్లో రిజల్ట్సు వచ్చిన రాత్రి ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. యూనియన్‌కు రెండు కోరికలు మాత్రం విన్నవిస్తాను. ప్రతి హాస్టల్ నోటీసు బోర్డులో రెండు నంబర్లు రాయించండి: మత్తు అలవాట్ల సాయానికి 14446, మానసిక ఇబ్బందులకు టెలి-మానస్ 14416. రెండోది 2022 నుంచి పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడతారు. ఇకపోతే, ఆదివారాలు ఖాళీగా ఉండే మన కాలేజీ గదుల్లో ఒకటి ఇలాంటి బృందానికి ఇవ్వమని ప్రిన్సిపాల్‌గారిని అడగండి. అద్దె వాళ్ళే కట్టుకుంటారు.

నాన్న కిందటి కార్తీకంలో కూడా మాల వేసుకున్నాడు. శబరిమల నుంచి వచ్చి, మాల తీసి, అన్నం తిని, "అమ్మకు చెప్పు, తొమ్మిదింటి బస్సుకి వస్తా" అని మీటింగుకి వెళ్ళిపోయాడు. అమ్మ అడిగిన ఆ పాత ప్రశ్నకు జవాబు నాకు అప్పుడు తెలిసింది. మాల ఉన్నన్నాళ్ళూ నాన్నకు తోటి స్వాముల తోడుండేది. మాల తీయగానే ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయేవారు. నలభై రెండోనాటికి నాన్న ఒంటరివాడయ్యేవాడు.

నాన్న మానేసి ఇప్పటికి రెండేళ్ళ తొమ్మిది నెలలు. అడిగితే మాత్రం "ఇవాళ్టికి తాగలేదు" అంటాడు. మొన్న మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజున పని మధ్యలో ఆపి పట్నం వెళ్ళాడు. ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఎవరో మనిషి చేతులు వణుకుతున్నాయని ఫోను వచ్చిందట. ఆ పూట నాన్న కోయవలసిన సాళ్ళు నేను కోశాను.

— ఒక ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి