జ్వర నిర్ధారణలో లక్షణాలు, పరీక్షా ఫలితాల సమన్వయం: వైడాల్ పరీక్ష – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: రోగి చెప్పే బాధలు, వైద్యుడు గుర్తించే చిహ్నాలు, ప్రయోగశాల ఇచ్చే ఫలితాలు – ఈ మూడింటి సమన్వయమే వ్యాధి నిర్ధారణ. పరీక్షా ఫలితానికి స్వతంత్రమైన అర్థం ఉండదని, అంతకుముందు లక్షణాలను బట్టి ఏర్పడిన అంచనాయే దానికి అర్థాన్ని ఇస్తుందని టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యాధి నిర్ధారణ, నిదానం, టైఫాయిడ్, వైడాల్ పరీక్ష, స్క్రబ్ టైఫస్, సంభావ్యత.

1. ఉపోద్ఘాతం:

ఆయుర్వేదంలో రోగకారణానికీ, రోగనిర్ణయానికీ ‘నిదానం’ అనే పేరుంది. మాధవకరుని గ్రంథం ‘మాధవనిదానం’గానే ప్రసిద్ధి పొందింది. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అనే ఐదింటి ద్వారా రోగాన్ని తెలుసుకోవాలని ఆ శాస్త్రం చెబుతుంది. తెలుగు వాడుకలో ఈ మాటకు ‘తొందరపడకపోవడం’ అనే అర్థం కూడా స్థిరపడింది. ప్రయోగశాల కాగితంపై ‘పాజిటివ్’ అన్న మాట కనిపించగానే చికిత్స మొదలయ్యే నేటి పరిస్థితిలో ఈ రెండో అర్థమూ వైద్యానికి అవసరమే.

2. లక్షణాల నుంచి అంచనాకు:

జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం – టైఫాయిడ్, డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్ వ్యాధులన్నీ దాదాపు ఇలాగే మొదలవుతాయి. వీటిని వేరుచేసేవి వివరాలే. జ్వరం రోజురోజుకూ మెట్లుమెట్లుగా పెరుగుతూ వారం దాటితే టైఫాయిడ్ వైపు, చలి, వణుకుతో విడతలుగా వస్తే మలేరియా వైపు, కళ్ల వెనుక నొప్పి, ఒంటిపై దద్దుర్లు ఉంటే డెంగీ వైపు వైద్యుని ఆలోచన సాగుతుంది. నీరు నిలిచిన పొలంలో పనిచేసిన రోగి విషయంలో లెప్టోస్పైరోసిస్‌ను గుర్తుంచుకోవాలి. పొదలు, గడ్డి ఉన్నచోట తిరిగిన రోగి చంకలోనో గజ్జలోనో నల్లని పెచ్చు కట్టిన పుండు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్‌కు బలమైన ఆధారం. ఆ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు కాబట్టి రోగి దాన్ని ప్రస్తావించకపోవచ్చు. వైద్యుడు వెతికితేనే అది దొరుకుతుంది.

3. వైడాల్ పరీక్ష – పనితీరు, పరిమితులు:

ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ వైడాల్ 1896లో ఈ పరీక్షను ప్రకటించాడు. టైఫాయిడ్‌కు కారణమైన సాల్మొనెల్లా టైఫీ బాక్టీరియాపై ఉండే ‘ఓ’, ‘హెచ్’ ప్రతిజనకాలను రోగి రక్తరసితో కలుపుతారు. రక్తరసిలో తగిన ప్రతిరక్షకాలు ఉంటే ఆ మిశ్రమం గుచ్ఛాలుగా కడుతుంది. రక్తరసిని ఎంత పలుచన చేసినా ఈ చర్య కనిపిస్తుందో 1:80, 1:160 వంటి నిష్పత్తులతో సూచిస్తారు.

ఈ పరీక్ష గుర్తించేది బాక్టీరియాను కాదు, దానికి శరీరం చూపిన ప్రతిస్పందనను. ఇక్కడే చిక్కు ఉంది. ఆ ప్రతిస్పందన గతంలో వచ్చిన టైఫాయిడ్ వల్ల కావచ్చు, టీకా వల్ల కావచ్చు, మలేరియా వంటి మరో వ్యాధి వల్ల కూడా కావచ్చు. జ్వరం వచ్చిన తొలి రోజుల్లో ప్రతిరక్షకాలు తగినంతగా ఏర్పడక నిజమైన టైఫాయిడ్ కూడా బయటపడకపోవచ్చు. అందువల్ల వారం, పది రోజుల వ్యవధిలో రెండు నమూనాలు తీసి, రెండోదానిలో నాలుగు రెట్ల పెరుగుదల ఉందో లేదో చూడడం శాస్త్రీయ పద్ధతి. ఆచరణలో ఒకే నమూనాతో నిర్ణయానికి రావడం ఎక్కువ.

4. ఒకే ఫలితం – రెండు అర్థాలు:

1763లో ప్రచురితమైన థామస్ బేయస్ సిద్ధాంతం ఈ విషయాన్ని గణితపరంగా స్పష్టం చేస్తుంది. ఒక పరీక్ష వ్యాధి ఉన్న 100 మందిలో 70 మందిని సరిగా పట్టుకుంటుందని, వ్యాధి లేని 100 మందిలో 20 మందికి పొరపాటున ‘పాజిటివ్’ చూపుతుందని ఊహిద్దాం.

జ్వరంతో వచ్చిన ప్రతివారికీ పరీక్ష చేసే చోట 1000 మందిలో 50 మందికే టైఫాయిడ్ ఉంటే, వారిలో 35 మందికీ, వ్యాధి లేని 950 మందిలో 190 మందికీ ‘పాజిటివ్’ వస్తుంది. అంటే 225 మందిలో నిజమైన రోగులు సుమారు 16 శాతమే. లక్షణాలను పరిశీలించి, అనుమానం బలంగా ఉన్నవారికే పరీక్ష చేసే చోట 1000 మందిలో 300 మందికి టైఫాయిడ్ ఉంటే, 350 ‘పాజిటివ్’ ఫలితాలలో 210 నిజమైనవి. అంటే 60 శాతం. పరీక్ష మారలేదు, దాని నాణ్యత మారలేదు. మారింది పరీక్షకు ముందు జరిగిన పరిశీలన మాత్రమే.

‘నెగెటివ్’ ఫలితానికీ ఇదే వర్తిస్తుంది. రెండో చోట ‘నెగెటివ్’ వచ్చిన 650 మందిలో 90 మందికి వ్యాధి ఉంటుంది. లక్షణాలు బలంగా ఉన్నప్పుడు ఒక్క కాగితాన్ని చూసి వ్యాధి లేదని తేల్చరాదు.

5. పరీక్షకు తగిన కాలం:

ఏ పరీక్ష అన్నదానితో పాటు ఎప్పుడు అన్నదీ ముఖ్యమే. డెంగీలో తొలి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 ప్రతిజనకం, ఆ తర్వాత ఐజీఎం ప్రతిరక్షకాలు ఎక్కువ ఉపయోగపడతాయి. టైఫాయిడ్‌కు మరింత నమ్మదగిన బ్లడ్ కల్చర్ తొలి వారంలో, యాంటీబయాటిక్ ఇవ్వకముందు చేస్తే మేలు. మందు పడ్డాక బాక్టీరియా పెరిగే అవకాశం తగ్గుతుంది. అందుకే ‘జ్వరం ఎన్నో రోజు?’, ‘ఇప్పటికే ఏ మందులు వాడారు?’ అన్న ప్రశ్నలు పరీక్షలో భాగమే.

6. చికిత్స – ఉపశయం:

ఔషధానికి, ఆహారవిహారాలకు రోగం ఎలా స్పందిస్తుందో చూసి దాన్ని గుర్తించడమే ఉపశయం. ఆధునిక వైద్యులూ దీన్ని ఆశ్రయిస్తారు. అయితే డెంగీ వంటి వైరస్ జ్వరాలు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. అలాంటి రోగికి యాంటీబయాటిక్ ఇచ్చాక జ్వరం తగ్గితే, టైఫాయిడ్ నయమైందన్న భ్రమ మిగులుతుంది. ఆ అనవసర వాడకం బాక్టీరియాలో మందులను తట్టుకునే శక్తిని పెంచుతుంది.

దీనికి భిన్నమైన ప్రమాదం మరింత తీవ్రమైనది. టైఫాయిడ్‌కు వాడే సెఫ్ట్రియాక్సోన్ స్క్రబ్ టైఫస్‌పై పనిచేయదు. దానికి డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ కావాలి. వైడాల్ ‘పాజిటివ్’ను నమ్మి రోజులు గడిపితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు. కాబట్టి చికిత్స మొదలైన తర్వాత కూడా ఆశించిన మార్పు రాకపోతే నిర్ధారణను పునఃపరిశీలించాలి.

7. ముగింపు:

1. పరీక్ష తీర్పు కాదు, సాక్ష్యం. లక్షణాల ఆధారంగా వేసిన అంచనాను అది బలపరుస్తుంది లేదా బలహీనపరుస్తుంది.
2. ఒకే నమూనాతో చేసిన వైడాల్ పరీక్ష మాత్రమే ఆధారంగా టైఫాయిడ్‌ను నిర్ధారించడం సరికాదు.
3. రోగిని ప్రశ్నించడం, శరీరాన్ని పరీక్షించడం తగ్గినకొద్దీ ప్రయోగశాల ఫలితాల విశ్వసనీయత కూడా తగ్గుతుంది.
4. రోగి పరిస్థితి విషమంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టవలసి రావచ్చు. అయితే వీలైనంతవరకు ముందే నమూనాలు సేకరించి, తర్వాత వచ్చే ఆధారాలను బట్టి చికిత్సను సవరించుకోవాలి.