మారిషసు ద్వీపము: యాత్ర, వ్యాపారము



వలస యను మాటను పాలమూరివారికి విడమరచి చెప్ప నక్కఱలేదు. 1834 మొదలు 1920 వఱకు హిందూదేశమునుండి కూలి యొడంబడికలమీద ఓడలెక్కి, నాలుగు లక్షలకు పైబడిన జనము మారిషసు ద్వీపమున దిగిరి. వారిలో కోరంగి, విశాఖపట్టణము, గంజాము తీరములనుండి పోయిన తెలుగువారును కలరు. చెఱకుతోటలలో చెమటోడ్చిన యా కూలీల సంతతివారే నేడచట మంత్రులు, ఉపాధ్యాయులు, వర్తకులు. వారి యింటిభాష చాలవఱకు క్రియోలుగా మారినది. అయినను ఉగాది అచట సర్కారు సెలవు. సింహాద్రి అప్పన్న పూజయు రామభజనయు నేటికిని నడుచుచున్నవి. కూలీలు దిగిన పోర్టులూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. యాత్రకు పోవువారు సముద్రముకంటె ముందుగా ఆ రాతిమెట్లను చూడవలెనని నా యభిప్రాయము.

ద్వీపము మన యిప్పటి మహబూబునగరు జిల్లాకంటె చిన్నది. జనసంఖ్య 12 లక్షలకు కొంచెము పైన. అట్టి దేశమునకు 2018లో సుమారు 14 లక్షల యాత్రికులు వచ్చిరి. కారణము దాని చుట్టునున్న పగడపు దిబ్బ. పెద్ద యలలు దానిమీదనే విఱిగిపోవును. లోపలి నీరు చెఱువువలె నిమ్మళముగా నుండును. ఆ దిబ్బయే వారి మూలధనము. 2020 జూలైలో వకాషియో యను ఓడ దానిపైకెక్కి, మఱుమాసమున చమురు కారగా బెస్తల జీవనమునకు దెబ్బ తగిలినది. అప్పటికే మహమ్మారి వలన యాత్రికులు లేక హోటళ్లు వెలవెలపోయినవి.

ఇక పెట్టుబడి. 1982లో మన దేశమును మారిషసును పన్నుల యొడంబడిక చేసికొనెను. దానిప్రకారము మారిషసు కంపెనీ యొకటి మన దేశపు వాటాల నమ్మి లాభించినచో, పన్ను వేయు హక్కు మారిషసుదే. ఆ దేశమున అట్టి లాభముపై పన్నే లేదు! బాదేపల్లి మార్కెట్టునకు పోవు వేరుసెనగ బండిని ఈ నాకావాడు "ఆవలి నాకాలో సుంకము కట్టు"మని పంపగా, ఆవల నాకాయే లేనట్లు. ఎక్కడెక్కడి ధనమో యా దారినే మన కంపెనీలకు చేరినది. 2016లో ఒడంబడికను సవరించిరి. 2017 ఏప్రిలు 1 మొదలు కొన్న వాటాలపై పన్ను మన దేశమే వేయుచున్నది. కావున "మారిషసులో కంపెనీ పెట్టిన పన్ను లేదు" అను దళారి పాత పంచాంగము చదువుచున్నాడు.

సరకుల వ్యాపారము చేయదలచిన కుఱ్ఱవానికి 2021 ఏప్రిలు 1నుండి అమలైన వాణిజ్య యొడంబడిక మేలు. అనేక వస్తువులపై సుంకము తగ్గినది.

భూమి మాట వేఱు. పోలేపల్లిలో ప్రత్యేక ఆర్థిక మండలమునకు రైతుల నేల పోయిన తీరు మీకు తెలియును. మారిషసులో పరదేశి సర్కారు అనుమతి లేక నేల కొనజాలడు. అనుమతించిన పథకములలోని యిండ్లనే కొనవలెను. ఊరి చేను అమ్మి అచట సముద్రపుటొడ్డు స్థలము కొనుమని యెవరైన కాగితము తెచ్చినచో, సంతకమునకు ముందు ఆ యనుమతిపత్రమును చూపుమనుడు.

చూచుటకే పోవుదురేని మే మొదలు డిసెంబరు వఱకు మంచి కాలము. జనవరినుండి మార్చి వఱకు తుపాను భయము. అచటి నాణెము పేరును రూపాయియే గాని విలువ మన రూపాయికంటె నెక్కువ; బేరమాడునపుడు జ్ఞాపక ముంచుకొనుడు.