మర తప్పితే ముందు దేన్ని అనుమానించాలి?

బోల్టుకు మర కోసే టర్నర్ ఒక్క కోతతో పని ముగించడు. అదే గాడిలో టూల్‌ను మళ్లీ మళ్లీ నడిపిస్తూ, ప్రతిసారీ కాస్త లోతు పెంచుతాడు. పాత లేత్‌లో చక్కునూ టూల్‌నూ గేర్లూ లీడ్ స్క్రూ కలిపి ఉంచేవి. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ లేత్‌లో ఆ గేర్లు ఉండవు, వాటి పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అందుకే ఈ యంత్రాల్లో సాఫ్ట్‌వేర్ లోపాలు మర దగ్గర తేలిగ్గా బయటపడతాయి.

లైనక్స్‌సీఎన్‌సీనే తీసుకుందాం. 1990లలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో మొదలైన ప్రాజెక్టు నుంచి పుట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, మామూలు కంప్యూటర్‌నే లేత్‌కు కంట్రోలర్‌గా వాడుకోవచ్చు. 12 మి.మీ. బోల్టుకు మామూలు మర పిచ్ 1.75 మి.మీ. చక్కు నిమిషానికి 600 చుట్లు తిరిగితే టూల్ సెకనుకు 17.5 మి.మీ. జరగాలి. కోత బరువుకు చక్కు నెమ్మదిస్తే టూల్ కూడా అంతే నెమ్మదించాలి. చక్కు ఎక్కడుందో చెప్పేది ఎన్‌కోడర్. అందులో రెండు తీగలు కోణాన్ని లెక్కిస్తాయి. మూడోది చుట్టుకొక ఇండెక్స్ పల్స్ పంపుతుంది. ప్రతి కోతకూ ముందు టూల్ ఆ పల్స్ కోసం ఆగి బయల్దేరుతుంది కాబట్టే పాత గాడిలోనే దిగుతుంది.

300 చుట్ల దగ్గర మర చక్కగా వచ్చి, 600 దగ్గర చెడిపోతోందనుకోండి. చాలామంది స్క్రూ అరిగిందనో మోటారుకు బలం చాలడం లేదనో తేలుస్తారు. ముందు లెక్క వేయాలి. 1024 గీతల ఎన్‌కోడర్ గీతకు నాలుగు చొప్పున చుట్టుకు 4096 కౌంట్లు ఇస్తుంది. 600 చుట్ల దగ్గర సెకనుకు 40,960 కౌంట్లు, అంటే సుమారు 24 మైక్రోసెకన్లకు ఒకటి. ఎన్‌కోడర్ తీగలు కలిపిన పారలల్ పోర్టును కంప్యూటర్ 25 మైక్రోసెకన్లకోసారి చూస్తుంటే కొన్ని కౌంట్లు జారిపోక తప్పదు. 300 దగ్గర రెట్టింపు వ్యవధి దొరుకుతుంది కాబట్టి అక్కడ బాగానే నడిచింది. ఎక్కువ గీతల ఎన్‌కోడర్ పెడితే మర ఇంకా బాగా వస్తుందనుకోవడం ఇక్కడ బెడిసికొడుతుంది. 100 గీతలది పెడితే సెకనుకు 4,000 కౌంట్లే, కంప్యూటర్ తేలిగ్గా అందుకుంటుంది. 1024 గీతలదే కావాలంటే విడిగా కౌంటర్ కార్డు పెట్టాలి.

ఊహ నిజమో కాదో తేల్చడానికి లైనక్స్‌సీఎన్‌సీలోనే హాల్‌స్కోప్ ఉంది. ఎన్‌కోడర్ నుంచి వచ్చే సంకేతాలను తెర మీద గీతలుగా చూపిస్తుంది. రెండు ఇండెక్స్ పల్స్‌ల మధ్య ప్రతిసారీ 4096 కౌంట్లు రావాలి. తగ్గితే జారిపోతున్నాయి. పెరిగితే చాలాసార్లు చక్కును తిప్పే స్పిండిల్ డ్రైవ్ విద్యుత్ రొద ఎన్‌కోడర్ వైరులోకి చొరబడుతోందని అర్థం. అప్పుడు షీల్డెడ్ కేబుల్ వేసి, మోటారు తీగలకు దూరంగా లాగాలి. ప్రోగ్రాంలో ఎన్ని అంకెలు మార్చినా ఆ రొద తగ్గదు.

కంప్యూటర్ ఆలస్యం సంగతీ చూడాలి. సగటు వేగం ఎంత బాగున్నా లాభం లేదు, అత్యంత చెడ్డ క్షణంలో ఎంత ఆలస్యమవుతోందన్నదే లెక్క. లేటెన్సీ టెస్టు నడుస్తుండగా ఫైళ్లు కాపీ చేస్తూ, తెర మీద విండోలు తెరిచి మూస్తూ కొన్ని గంటలు పరీక్షించాలి. ఎందుకంటే ఆ ఆలస్యం వల్ల ఎన్‌కోడర్ లేని స్టెప్పర్ మోటారు ఒక్క అడుగు తప్పినా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

వ్యాసం తేడా వస్తే మాత్రం సెట్టింగులతో పాటు యంత్రాన్నీ చూడాలి. సరిగ్గా రెట్టింపో సగమో వస్తే రేడియస్, డయామీటర్ సెట్టింగ్ తారుమారైందన్నమాట. టూల్ ఎటు నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి కొలత మారితే అది బ్యాక్‌లాష్, అంటే స్క్రూకూ నట్టుకూ మధ్య వదులు. సాఫ్ట్‌వేర్‌లో దానికి సవరణ అంకె వేయొచ్చు గానీ, అరిగిన నట్టును సరిచేశాకే ఆ అంకె జోలికి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

నున్నటి ఉపరితలం కోసం స్థిర కోత వేగం, అంటే జీ96, వాడేవారికి ఒక మాట. నిమిషానికి 150 మీటర్ల కోత వేగానికి 50 మి.మీ. వ్యాసం దగ్గర చక్కు 955 చుట్లు తిరుగుతుంది. టూల్ లోపలికి వెళ్లి 5 మి.మీ.కు చేరేసరికి 9,550 అడుగుతుంది. మీ చక్కు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం చూసి, ప్రోగ్రాంలో తప్పకుండా పరిమితి పెట్టండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ మాత్రం సాఫ్ట్‌వేర్‌తో పనిలేకుండా యంత్రాన్ని ఆపేలా వైరింగ్ చేయించండి.