డెబ్బై ఏళ్ల ఉత్తరం: కష్టకాలంలో దేవుణ్ణి నమ్మడమంటే

 

మన తెలుగు సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్లెంలో వాగ్దానపు కార్డులు పెట్టి తలా ఒకటి తీసుకోమంటారు. గుంటూరులో పెద్ద చర్చి అయినా, ఇక్కడ ఆదివారం సాయంత్రానికి అద్దెకు తీసుకున్న స్కూలు హాలు అయినా ఈ అలవాటు మారలేదు. ఆ కార్డుల్లో తరచుగా కనిపించే వచనం ఒకటుంది. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం, 11వ వచనం. దేవుడు తన ప్రజల గురించి చేసే ఆలోచనలు మేలు కోసమేననీ, వారికి ముందు ముందు నిరీక్షణ ఉందనీ దాని సారాంశం. ఫ్రిజ్ మీద మాగ్నెట్లుగా, గృహప్రవేశానికి ఇచ్చే ఫ్రేములుగా, పిల్లల గ్రాడ్యుయేషన్ కార్డుల మీద కూడా ఇదే కనిపిస్తుంది.

అంతా బాగున్నప్పుడు ఈ వచనం చదవడం తేలిక. ఉద్యోగం పోయిన వారంలో చదవడం వేరే సంగతి. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఇది మరీ బాగా తెలుసు. 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 గడువు అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఈ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే హోదాకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. 2022 చివర్లో, 2023లో పెద్ద పెద్ద కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు మన ఇళ్లలో క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ గడిపినవాళ్లు చాలామంది. స్కూలుకెళ్లే పిల్లలు, ఊళ్లో నాన్నగారి పేరు మీద తెచ్చిన అప్పు, ఇక్కడ ఇంటి లోను. అలాంటి ఇంటికి వెళ్లి మనం ఈ వచనం చెప్తాం. మన ఉద్దేశం మంచిదే. వినేవాళ్లు మాత్రం అందులో ఇంకో మాట వింటారు: 60 రోజుల్లోపు దేవుడు ఉద్యోగం ఇస్తాడు అని. ఆ వచనంలో ఆ మాట లేదు. అందుకే అది ఎవరికి, ఎప్పుడు రాసిందో ఈ రోజు కొంచెం నిదానంగా చూద్దాం.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని యువరాజు వయసులోనే సింహాసనమెక్కిన యెకొన్యాను (యెహోయాకీను అన్నా ఆయనే), రాజమాతను, అధికారులను, కంసాలులను, ఇతర చేతిపనివాళ్లను బబులోనుకు తరలించాడు. పనికొచ్చే నైపుణ్యం ఉన్నవాళ్లను ఏరి పట్టుకెళ్లాడన్నమాట. (మనం ఇష్టపడి విమానం ఎక్కాం, వాళ్లను నడిపించి తీసుకెళ్లారు. ఈ తేడా మరిచిపోయి మనల్ని మనం చెరలో ఉన్నవాళ్లతో సమానం చేసుకోకూడదు.) యెరూషలేము నగరం, దేవాలయం అప్పటికింకా నిలిచే ఉన్నాయి. అవి కూలిపోవడానికి మరో పదేళ్లు పట్టింది. కాబట్టి బబులోనులో ఉన్నవాళ్లందరి మనసులో ఒకటే ప్రశ్న: ఎప్పుడు తిరిగి వెళ్తాం?

ఆ ప్రశ్నకు ఒకాయన తేదీతో సహా జవాబు చెప్పాడు. ఆయన పేరు హనన్యా. 28వ అధ్యాయంలో ఆయన కథ ఉంది. రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని దేవాలయంలో అందరి ముందూ ప్రవచించాడు. యిర్మీయా మెడ మీద గుర్తుగా మోస్తున్న కర్ర కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా. జనానికి ఎంత ఊరటగా ఉండి ఉంటుందో ఊహించండి. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు. క్లయింటు ముఖం చూసి రెండు వారాల్లో అయిపోతుందండీ అంటారు, ఆ మీటింగు వరకు అందరూ సంతోషం. యిర్మీయా ఆ మాట విని అలాగే జరగనివ్వు, ఆమేన్ అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆయనకూ అదే కావాలి మరి. కాని అది దేవుని మాట కాదని తర్వాత తేలింది. హనన్యా ఆ ఏడే చనిపోయాడని గ్రంథం చెబుతోంది.

29వ అధ్యాయంలో యిర్మీయా బబులోనులో ఉన్నవాళ్లకు ఒక ఉత్తరం పంపాడు. రాజు దూతలుగా వెళ్తున్న ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరి చేతికిచ్చి పంపాడు. అందులో ఏముంది? ఇళ్లు కట్టుకోండి. తోటలు నాటుకుని వాటి పండ్లు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకూ చేయండి. మీరున్న ఆ పట్టణం బాగు కోరండి, దాని కోసం ప్రార్థించండి. డెబ్బై సంవత్సరాలు గడవాలి. ఇంత చెప్పాకే మనకిష్టమైన 11వ వచనం వస్తుంది.

డెబ్బై! ఉత్తరం చదివేటప్పటికి నలభై ఏళ్లున్న మనిషి మళ్లీ యెరూషలేము చూసే అవకాశమే లేదు. పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నది క్రీ.పూ. 539లో, యూదులను తిరిగి వెళ్లనిచ్చింది ఆ తర్వాత. ఈ ఉత్తరం చేరాక బబులోను నుంచి షెమయా అనే ఆయన యెరూషలేము యాజకుడికి ఫిర్యాదు రాశాడు. ఇంత ఆలస్యమవుతుందని రాసినవాణ్ణి మీరు ఎందుకు మందలించరు అని. కోపం రావడం సహజమే కదా.

ఇక్కడ మన తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో ఒక్కరితో మాట్లాడినా పదిమందితో మాట్లాడినా యూ అనే ఒక్క మాటే. అందుకని ఇక్కడ పెరిగిన మన పిల్లలు ఆ వచనాన్ని నా చదువు, నా ఉద్యోగం గురించి దేవుడు వేసిన ప్లాను అని చదువుకుంటారు. తెలుగు బైబిల్లో దేవుడు ఒక్కరితో మాట్లాడితే నిన్ను అంటాడు. ఇక్కడ మాత్రం మిమ్మును అని ఉంది. అంటే ఆ మాట ఒక జనాంగానికి, తరాల పొడవునా చెప్పింది. నాన్న చూడనిది మనవరాలు చూస్తుంది. ఇంకొకటి కూడా ఉంది. బయట మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. క్రైస్తవుల తెలుగులో ఆశ, భరోసా. ఈ వచనంలో నాకు రెండూ కలిసే వినిపిస్తాయి. పట్టణం బాగు అన్నచోటా, దేవుని ఆలోచనలు మేలుకే అన్నచోటా హీబ్రూలో ఉన్నది ఒకే మాట, షాలోమ్. చెరపట్టిన ఊరి క్షేమంలోనే మీ క్షేమం ఉందన్నాడు దేవుడు. అది వినడానికి ఎంత కష్టమో!

వాళ్లు నిజంగా అలా బతికారా? బతికారనడానికి మట్టి పలకలున్నాయి. బబులోను తవ్వకాల్లో దొరికి, 1939లో ప్రచురితమైన పలకల్లో యూదా రాజైన యెహోయాకీనుకు, ఆయన కొడుకులకు కొలిచి ఇచ్చిన నూనె లెక్క ఉంది. ఒకప్పటి రాజు పరాయి రాజు గోదాము నుంచి రేషన్ తీసుకుంటున్నాడు. అల్-యాహూదు పలకలని ఇంకొన్ని ఉన్నాయి. ఆ పేరుకు యూదా పట్టణం అని అర్థం. బబులోను దేశంలో యూదులు కాపురమున్న ఊరు అది. ఆ పలకలు క్రీ.పూ. 572 నుంచి 477 వరకు నడుస్తాయి. పొలం కౌళ్లు, పన్నులు, బార్లీ, ఖర్జూరాలు, అప్పు పత్రాలు. అంతా మన ఇళ్లలో ఫైళ్లలో ఉండే సరుకే. అందులో చాలా పేర్లలో యెహోవా పేరు కలిసే ఉంది. పరాయి దేశంలో కౌలు కట్టుకుంటూ పిల్లలకు ఆ పేర్లే పెట్టుకున్నారు.

నమ్మకమంటే బాధ లేనట్టు నటించాలని కాదు అనడానికి సాక్షి యిర్మీయాయే. 20వ అధ్యాయంలో ఆయన తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు, దేవుడు తనను మోసం చేశాడన్నంత దూరం వెళ్లాడు. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన మొదలు నుంచి చివరి వరకు మొరే, చీకటి అన్న తలంపుతోనే ముగుస్తుంది. చివర్లో స్తోత్రం కూడా లేదు. అయినా దాన్ని తీసెయ్యకుండా ఆరాధనలో చదివే గ్రంథంలోనే ఉంచారు. కాబట్టి ఉద్యోగం పోయిన అన్నయ్య ప్రార్థనలో ఏడిస్తే, ప్రభువా ఎందుకిలా చేశావని అడిగితే, దయచేసి విశ్వాసం తగ్గిందని సలహా ఇవ్వకండి.

మన కూటాల్లో సాక్ష్యాల సమయం గురించి కూడా ఒక మాట అనాలి. నిలబడేది ఎవరు? వీసా స్టాంపింగ్ అయినవాళ్లు, గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు, ఆపరేషన్ బాగా జరిగినవాళ్లు. దేవునికి స్తోత్రం, వాళ్లు చెప్పాల్సిందే. కాని వెనక వరసలో పదేళ్లుగా ప్రయారిటీ డేటు కోసం చూస్తున్న కుటుంబం ఉంటుంది. 1990 చట్టం ప్రకారం ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, ఇండియా వాళ్ల వరస ఎంత పొడవో చెప్పక్కర్లేదు. వాళ్లకు చెప్పుకోవడానికి సాక్ష్యం లేదనుకుంటాం. ఇంకా ఏమీ రాలేదు, అయినా ఆదివారం వస్తున్నాం, పక్కింటి పెద్దావిడకు మంచు తీసిపెడుతున్నాం అని వాళ్లు లేచి చెబితే అది యిర్మీయా ఉత్తరానికి దగ్గరగా ఉన్న సాక్ష్యం అని నా అభిప్రాయం.

మరి అరవై రోజుల లెక్కలో ఉన్న ఇంటికి మనం ఏం చేయాలి? తేదీలు చెప్పకూడదు. ఈ నెలాఖరుకి అయిపోతుంది, నాకు దర్శనం వచ్చింది అనేవాళ్లను కొంచెం దూరం పెట్టడం మంచిది. మొదటి వారంలోనే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవమనండి, ఫీజు కష్టమైతే సంఘం తరఫున పంచుకోండి. న్యాయవాది దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమేమీ కాదు. మీ కంపెనీలో ఖాళీలుంటే రెజ్యూమె ఇవ్వండి. పిల్లల్ని ఒక పూట మీ ఇంటికి తీసుకెళ్లండి, భార్యాభర్తలు కూర్చుని లెక్కలు చూసుకోవాలి. వెళ్లిపోవాల్సి వస్తే అది దేవుడు ఓడిపోయినట్టు మాట్లాడకండి. హైదరాబాదు, విజయవాడ కూడా ఆయన పట్టణాలే.

యిర్మీయా మాటలతో ఆగలేదు. 32వ అధ్యాయంలో యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం, ఆయన చెరసాలలో. అప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో పొలం కొనమన్నాడు. ఆ పొలం ఉన్న దేశమే శత్రువు చేతికి పోతోంది. యిర్మీయా 17 తులముల వెండి, అంటే ఇప్పటి లెక్కలో సుమారు 200 గ్రాములు, తూచి ఇచ్చాడు. సాక్షుల సంతకాలు పెట్టించి, ముద్ర వేసినది ఒకటి, వేయనిది ఒకటి, రెండు పత్రాలనూ చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమని బారూకుకు అప్పగించాడు. ఈ దేశంలో మళ్లీ పొలాలు, ఇళ్లు కొంటారన్నది దానర్థం. విచిత్రమేమిటంటే డబ్బు కట్టేశాక ఆయన ప్రార్థనలో, ఊరు పడిపోతుంటే నన్ను పొలం కొనమన్నావేమిటి ప్రభువా అన్నట్టు అడుగుతాడు. ముందు కొన్నాడు, తర్వాత అడిగాడు. ఆ పొలంలో ఆయన పంట కోసినట్టు ఎక్కడా లేదు. చివరికి తోటివాళ్లే ఆయన్ని ఐగుప్తుకు తీసుకెళ్లారు.

వీలైతే ఈ వారం ఇంట్లో పిల్లలతో కలిసి 29వ అధ్యాయం మొదటి వచనం నుంచి చదవండి, తర్వాత 32వ అధ్యాయం. రెండూ కలిపి అరగంట కూడా పట్టదు. తెలుగు చదవడం రాని పిల్లలుంటే మీరు చదివి వినిపించండి. వచ్చే వారం 88వ కీర్తన గురించి ఇంకొంచెం మాట్లాడుకుందాం. సెలవు.