నల్ల క్యూ కర్రకు లేతు పని

బిలియర్డ్సు బల్ల మన ప్రాంతాలకు కొత్తది కాదు. 1875లో జబల్పూరు సైనికాధికారుల మధ్య పుట్టిన స్నూకరు ఆటకు 1882లో ఉదకమండలం క్లబ్బులో నియమాలు రాసి పెట్టారు. ఆనాటినుండి క్యూ కర్ర అంటే యాష్ చెక్కదో, మేపుల్ చెక్కదో. ఇప్పుడు మన పిల్లలు పూల్ ఆటకని కొంటున్న నల్ల కర్ర మాత్రం కర్రే కాదు; కార్బన్ పోగులను ఎపాక్సీ బంకతో బిగించి చేసిన గొట్టం. 2016లో ప్రిడేటర్ వారి రెవో వచ్చాక ఇది బాగా వ్యాపించింది. ముందుభాగం ఒక్కదానికే వేలకు వేలు పొయ్యాలి. అంతటి వస్తువు, కొనన ఉన్న తోలు టిప్పు అరిగిందని లేతు దుకాణానికి వెళ్ళి గీతలు పడి తిరిగివస్తే, ఆ పూట ఆ ఇంట్లో అన్నం ఎవరికి సహిస్తుంది?

చిత్రమేమంటే, దీనిని చెడగొట్టేవాడు పనిరానివాడు కాదు, చెక్కపనిలో చెయ్యి తిరిగినవాడే. చన్నపట్న బొమ్మలవారిని, మన ఏటికొప్పాకవారిని చూడండి. తిరిగే చెక్కకు లక్క కడ్డీని అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. అక్కడ వేడి చుట్టము. ఇక్కడ అదే వేడి బంకను మెత్తబరచి పోగుల పట్టు సడలిస్తుంది. చెక్కకు గీత పడితే ఉప్పుకాగితంతో రుద్దవచ్చు, నొక్కు పడితే తడిగుడ్డ ఆవిరితో లేపవచ్చు. తెగిన కార్బన్ పోగు మళ్ళీ అతకదు. మా ఎరుకలోని లేతు పనివాడొకరు, “స్వామీ, దీన్ని గాజనుకొని పట్టుకోవాలి” అంటాడు. ఆ మాట మాకు నచ్చింది.

కనుక ఉలి తోలును దాటరాదు. పని అంతా ఇందులోనే ఉన్నది.

మొదట బిగింపు. కర్ర మొదట లావు, కొనకు సన్నం. మూడు దవడల ఉక్కు చక్కులో నేరుగా బిగిస్తే బరువంతా మూడు చోట్లనే పడి గొట్టం నలుగుతుంది. సరిపడే నైలాను కాలెట్టు వేసి, జారకుండా ఉండేటంత మాత్రమే బిగించాలి. వెనుక వేలాడే కొసకు కూడా ఆనిక ఉండాలి. లేకుంటే తిరిగేటప్పుడు అది కొరడావలె ఊగుతుంది. టిప్పు అంచుదాకా మాస్కింగ్ టేపు చుట్టాలి.

పాత టిప్పును పైనుండి కొద్దికొద్దిగా కోసి, కాగితమంత పొర మిగలగానే లేతు ఆపి, మిగతాది చేతితో తీయాలి. కొన్నిటిలో తోలుకింద పలుచని బిళ్ళ ఉంటుంది, దానిని తాకరాదు. కొత్త టిప్పు సాధారణంగా 14 మిల్లీమీటర్లు. కర్ర కొన 12.4 అనుకుంటే ప్రక్కకు 0.8 మాత్రమే పోవాలి. బంక పూర్తిగా ఆరిన తరువాత, పదునైన ఉలితో, వెంట్రుకవాసి ఉంచి ఆపాలి. ఆ కాస్తా నున్నటి ఉప్పుకాగితంతో చేత్తో సరి. టేపు చిరిగిందంటే అక్కడికి ఆపవలెనని గుర్తు. తొందరగలవారు ఈ చివరి పని కూడా ఉలితోనే కానిస్తారు. నష్టం జరిగేది సరిగా అప్పుడే.

పొరపాటున కార్బన్‌ను రుద్దితే వచ్చే నల్లపొడి చర్మానికి దురద, ఊపిరికి చేటు. అది కరెంటును కూడా ప్రసరింపజేస్తుంది కాబట్టి మోటారులోకి, స్విచ్చిలోకి పోతే లేతుకే ముప్పు.

కర్ర తిరిగి చేతికి వచ్చాక చిన్న దూది ఉండను కొన పొడవునా మెల్లగా లాగి చూడండి. పోగు లేచిన చోట దూది చిక్కుకుంటుంది. ఈ పరీక్ష దుకాణంలోనే, డబ్బు చేతిలో పెట్టకముందే చెయ్యాలి.